నీళ్ల నాడి పట్టి చూశారా?

గోదావరి తగ్గింది. భద్రాచలం కరకట్ట మీద జనం ఊపిరి పీల్చుకున్నారు. పునరావాస కేంద్రాల్లో తలదాచుకున్నవాళ్లు మూటలు సర్దుకుని ఇంటిదారి పట్టారు. 2022 జులై నాటి మాట ఇది. ఆ నెల 16న అక్కడ నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీచేసే చోట ఆ అంకె ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత ఎత్తుకు గోదారమ్మ రావడం అదే.

వరద పోతూపోతూ ఇంట్లో బురదను, ఇంటావిడ మనసులో ఓ ప్రశ్నను మిగిల్చిపోతుంది. ఈ బావి నీళ్లు తాగొచ్చా?

ఏరు పొంగే ప్రతి ఊళ్లోనూ అదే ప్రశ్న. 2024 సెప్టెంబరు 1న మున్నేరు విరుచుకుపడినప్పుడు ఖమ్మం పట్టణంలోని కాలనీలకూ అదే ఎదురైంది. జవాబు కోసం అందరూ ఆశ్రయించేది బ్లీచింగ్ పౌడర్‌నే. బావిలో గుమ్మరిస్తారు. మర్నాడు చేద వేసి తోడి, వాసన చూస్తారు. ముక్కుకు ఘాటు తగిలిందా... ‘హమ్మయ్య, పురుగులన్నీ చచ్చినట్టే’ అనుకుంటారు.

సరిగ్గా ఇక్కడే పప్పులో కాలేస్తున్నాం. వాసన రావడం వేరు, క్రిములు చావడం వేరు. రెండింటి మధ్యా ఓ చిన్న అంకె ఉంది. దాని పేరే పీహెచ్.

గోళీసోడా నుంచి సున్నపుతేట దాకా

పీహెచ్ అంటే నీటిలో పులుపు, కారం పాళ్లను చెప్పే కొలబద్ద. ఇక్కడ కారమంటే మిరపకాయ కారం కాదు, సబ్బునీళ్లలా చేతికి జారుడుగా తగిలే క్షారం. కొలబద్ద మీద సున్నా నుంచి 14 దాకా అంకెలుంటాయి. నడిమధ్యన ఉన్న 7 తటస్థం. అంతకన్నా దిగితే ఆమ్లం, ఎక్కితే క్షారం. నిమ్మరసం రెండు, రెండున్నర దగ్గర ఉంటుంది. మజ్జిగ నాలుగున్నర చుట్టుపక్కల. సబ్బునీళ్లు తొమ్మిది, పది. వక్కాకులోకి వాడే సున్నం మీది తేట పన్నెండు దాటుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కురిసే వాన చినుకు ఎంత స్వచ్ఛమైనదైనా 5.6 దగ్గర ఉంటుంది. కొద్దిగా పులుపన్నమాట!

ఈ కొలబద్దను కనిపెట్టింది డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్. 1909లో, కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. అది ఓ బీరు కంపెనీ స్థాపించిన ప్రయోగశాల. కొలతకు వాడే ఎలక్ట్రానిక్ మీటరు కథ మరీ చిత్రం. అమెరికాలో నిమ్మజాతి పళ్ల రసం పులుపును కచ్చితంగా తేల్చాలని ఓ స్నేహితుడు అడిగితే, ఆర్నాల్డ్ బెక్‌మన్ అనే ఆచార్యుడు 1934లో దాన్ని తయారుచేశాడు. బీరు కోసం కొలబద్ద, నిమ్మకాయ కోసం మీటరు. ఇప్పుడవి మన మంచినీళ్లకు అక్కరకొస్తున్నాయి.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. 7 కంటే 6 పదిరెట్లు పులుపు. 5 అయితే వందరెట్లు. అందుకే ‘ఒకటేగా తగ్గింది’ అని తీసిపారేయడానికి లేదు. తాగునీటి పీహెచ్ 6.5 నుంచి 8.5 లోపే ఉండాలన్నది భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన. కొన్ని పదార్థాల విషయంలో ‘వేరే దిక్కులేకపోతే ఇంతవరకూ ఫరవాలేదు’ అంటూ ఆ సంస్థ కాస్త వెసులుబాటు ఇస్తుంది. పీహెచ్‌కు మాత్రం ఆ వెసులుబాటే లేదు.

వాసనను నమ్మొద్దు

మళ్లీ బావి దగ్గరికొద్దాం. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో పడగానే అందులోని క్లోరిన్ రెండు రూపాల్లోకి మారుతుంది. ఒకటి క్రిములను చకచకా చంపేది. రెండోది అదే పనిని నిదానంగా, నీరసంగా చేసేది. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది పీహెచే. 6.5 దగ్గర దాదాపు తొంభై శాతం చురుకైన రూపంలో ఉంటుంది. 7.5కు వచ్చేసరికి సగానికి సగం. 8.5 దాటితే ఇక మిగిలేది పదోవంతే! పౌడర్ అదే, ఖర్చూ అదే. పని మాత్రం పదోవంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందుకే ఓ నియమం పెట్టింది. నీటి పీహెచ్ 8 లోపు ఉండాలి, క్లోరిన్ కలిపాక కనీసం అరగంట ఆగాలి.

‘క్షారం ఎక్కువగా ఉంటే ఇంకాస్త పౌడర్ వేస్తే సరి’ అనుకుంటే అదీ పొరపాటే. బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం ఉంటుంది. పొడిని నేరుగా బావిలో గుమ్మరిస్తే ఆ సున్నమంతా నీళ్లలో చేరి క్షారాన్ని, కాఠిన్యాన్ని ఇంకా పెంచుతుంది. బకెట్‌లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, కాసేపు కదపకుండా ఉంచాలి. పైన తేరిన తేటనే బావిలో కలపాలి. అడుగున మిగిలిన సున్నపుమడ్డిని పారబోయాలి. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలన్నది వైద్య విద్యార్థులు చదువుకునే లెక్క. బురద నీళ్లకు ఈ లెక్క సరిపోదు. క్లోరిన్‌ను క్రిముల కంటే ముందు బురదే మింగేస్తుంది. కాబట్టి ముందు నీళ్లు తేరాలి, తర్వాతే మందు. మూత తీసి నెలల తరబడి పడేసిన పౌడర్‌లో అసలు శక్తే మిగలదని వేరే చెప్పాలా!

నీళ్లు తేర్చడమంటే భద్రాచలం అడవి చుట్టుపక్కల పెద్దవాళ్లకు కొత్త విద్యేం కాదు. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోస్తే గంటల్లో మట్టి అడుగుకు దిగుతుంది. పట్నంలో అదే పని పటికతో చేస్తారు. రెండింటికీ ఓ తేడా ఉంది. చిల్లగింజ పీహెచ్ జోలికి పెద్దగా పోదు. పటిక మాత్రం దాన్ని కిందికి లాగుతుంది. ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించిన పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. అందులో పటికతో పాటు సున్నం కూడా ఎందుకు కలుపుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పటిక దించేదాన్ని సున్నం నిలబెట్టాలి కదా!

పారాణిలో ఉంది ప్రయోగశాల

పీహెచ్ చూడ్డానికి ఏ ప్రయోగశాలకో వెళ్లాలేమో అనుకుంటున్నారా? మొదటి పాఠం మన పూజగదిలోనే ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి తయారవుతుంది. కూరమరక పడ్డ తెల్లచొక్కాకు సబ్బు రుద్దగానే పసుపు మరక కాస్తా ఎర్రగా మారుతుంది. రెండింటి రహస్యం ఒకటే. పీహెచ్ ఎనిమిది దాటి పైకి వెళ్లేకొద్దీ పసుపు ఎర్రబడుతుంది.

పిల్లలతో సరదాగా చేసి చూడండి. పసుపును నీళ్లతో పల్చగా కలిపి తెల్లకాగితానికి పూసి నీడన ఆరబెట్టాలి. సన్నని పట్టీలుగా కత్తిరించాలి. ఒకదాని మీద సున్నపుతేట, ఒకదాని మీద నిమ్మరసం, ఇంకోదాని మీద మీరు తాగే నీళ్లు ఒక్కో చుక్క వేయాలి. తాగేనీళ్ల చుక్క పడ్డచోట ఎర్రబడిందంటే ఆ నీళ్లను అనుమానించాల్సిందే. మందార రెక్కల్ని వేణ్నీళ్లలో నానబెట్టిన రసమైతే రెండువైపులా పలుకుతుంది. పులుపుకు ఎర్రగా, క్షారానికి పచ్చగా మారుతుంది. శంఖపుష్పం, నేరేడుపండు కూడా ఈ విద్య తెలిసినవే. బడిలో వాడే లిట్మస్ కాగితం సైతం మసాలాదినుసుల్లో కనిపించే రాతిపువ్వు లాంటి లైకెన్ల నుంచి పుట్టిందే.

అయితే వీటిని పాఠాలుగానే చూడాలి, కొలతలుగా కాదు. 6.2కీ 7.2కీ తేడాను పసుపు చెప్పలేదు. మనకు కావాల్సింది సరిగ్గా ఆ తేడానే.

కాగితమా... కలమా?

ఇంట్లో కొలవడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. రంగుమారే పట్టీలు, చుక్కల మందు, జేబులో పెట్టుకునే మీటరు పెన్ను. పట్టీలు కొనేటప్పుడు 1 నుంచి 14 దాకా చూపేవాటికన్నా 6 నుంచి 8.5 వరకో, ఆ చుట్టుపక్కలో చూపేవి ఎంచుకుంటే రంగుల తేడా స్పష్టంగా తెలుస్తుంది. చెమ్మ తగిలితే పాడవుతాయి కాబట్టి డబ్బా మూత బిగించి ఉంచాలి. రంగును పగటి వెలుతురులోనే పోల్చాలి. ట్యూబులైటు కింద పచ్చ పసుపులా, పసుపు తెలుపులా కనిపిస్తుంది.

పెన్ను అంకె చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్మాలనిపిస్తుంది. అదే దాంతో చిక్కు. తూకం రాయి సరిచూడకుండా తక్కెడను నమ్మనట్టే, పెన్నునూ సరిచూడకుండా నమ్మకూడదు. పెన్నుతో పాటు చిన్న పొట్లాలు ఇస్తారు. వాటిని చెప్పిన కొలత ప్రకారం నీళ్లలో కలిపితే కచ్చితంగా 7, 4 లేదా 9 చిల్లర పీహెచ్ ఉన్న ద్రావణాలు తయారవుతాయి. ముందు వాటిలో ముంచి అంకెను సరిచేయాలి. ఆ తర్వాతే మన నీళ్లలో ముంచాలి. పెన్ను మొనను ఎండనివ్వకూడదు. అలాగని స్వచ్ఛమైన ఆర్వో నీళ్లలో నానబెట్టకూడదు, దానికోసం ఉన్న ద్రావణమే వాడాలి.

ఇక నీళ్లు పట్టడం. బోరు వేయగానే వచ్చే నీళ్లు రాత్రంతా గొట్టంలో నిలిచినవి. నాలుగైదు నిమిషాలు పారనిచ్చి పట్టాలి. శుభ్రమైన గాజుసీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, వెంటనే పరీక్షించాలి. సాయంత్రం చూద్దాంలే అని మూలన పెడితే అంకె మారిపోతుంది. గోళీసోడా కొట్టి పక్కన పెడితే గ్యాసు పోయి పులుపు తగ్గుతుంది కదా, భూమి లోతుల నుంచి వచ్చే నీళ్లదీ అదే కథ. వాటిలో కరిగిన వాయువు పోగానే పీహెచ్ పెరుగుతుంది. మరిగించినా అంతే.

ఎర్రనీళ్ల బోరింగు

ఇంతకీ అంకె తెలిస్తే ఏంటి లాభం? తక్కువుంటే ఒక కబురు, ఎక్కువుంటే మరో కబురు.

ఖమ్మం వైపు భూమి అడుగున గ్రానైటు, నైసు రాళ్లు. కొత్తగూడెం, మణుగూరు వైపు గోదావరి లోయలో బొగ్గుతో పాటు ఇసుకరాతి పొరలు. రాయి మారితే నీటి గుణమూ మారుతుంది. అందుకే ఒక ఊరి అంకె పక్క ఊరికి పనికిరాదు.

పీహెచ్ 6.5 కంటే తక్కువున్న నీళ్లు ఇనుమును తినేస్తాయి. మన ఊళ్లలో కనిపించే ఇండియా మార్క్-2 బోరింగు 1970ల్లో యునిసెఫ్ తోడ్పాటుతో రూపుదిద్దుకుంది. దాని లోపలి గొట్టాలు జింకుపూత వేసిన ఇనుపవి. నీళ్లు పుల్లగా ఉంటే ముందు పూత పోతుంది, తర్వాత గొట్టం తుప్పుపడుతుంది. తెల్లవారి మొదటి బిందె ఎర్రగా వచ్చి, పావుగంట కొట్టాక తేటపడితే తప్పు ఎక్కువగా గొట్టానిదే. ఎంత కొట్టినా ఎర్రగానే వస్తుంటే ఇనుము భూమిలోనే ఉండి ఉండొచ్చు. మొదటిదైతే స్టీలు లేదా ప్లాస్టిక్ గొట్టాలతో తీరే సమస్య. కొత్త బోరు తవ్వించే పనే లేదు. నీళ్లలో ఇనుము ఉందో లేదో చెప్పడానికి అడవి ఇచ్చిన కరక్కాయ చాలు. నలగ్గొట్టి వేస్తే, ఇనుమున్న నీళ్లు నల్లబారతాయి. పూర్వం కరక్కాయ, అన్నభేదితో సిరా తయారుచేసింది ఈ కిటుకుతోనే.

రాగిబిందెల వాళ్లకూ ఈ కబురు ముఖ్యమే. పుల్లని నీళ్లు రాత్రంతా నిల్వ ఉంటే రాగి ఎక్కువగా కరుగుతుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించకుండా పులుసు కాచొద్దని అమ్మమ్మలు చెప్పింది ఇందుకే. పైపులను తినే నీళ్లు ఎంత పని చేస్తాయో అమెరికాలో ఫ్లింట్ నగరం చూసింది. 2014లో తాగునీటిని కొత్తగా నది నుంచి తీసుకున్నారు. తుప్పును అడ్డుకునే రసాయనం కలపలేదు. పాత గొట్టాల్లోని సీసం కరిగి ఇళ్లల్లోకి, పిల్లల ఒంట్లోకి చేరింది.

అంకె 8.5 చేరితే క్లోరిన్ నీరసపడుతుందని ముందే చెప్పుకొన్నాం. గ్రానైటు నేలల్లో మరో అనుమానం కూడా పడాలి. క్షారం ఎక్కువై కాల్షియం తగ్గిన నీళ్లలో రాళ్లలోని ఫ్లోరైడ్ తేలిగ్గా కరుగుతుంది. అంకె ఎక్కువ కనిపిస్తే ఫ్లోరైడ్ పరీక్ష తప్పనిసరి. అంకె మామూలుగా ఉంటే ఫ్లోరైడ్ లేనట్టేనా? కాదు. అదీ చూడాల్సిందే.

చెలమ చెప్పని నిజం

అడవిలో వాగు ఇసుకను చేత్తో తోడితే చెలమ ఊరుతుంది. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లోని గూడేలకు, ముఖ్యంగా సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయల నివాసాలకు వేసవిలో ఆ చెలమలే దిక్కయిన రోజులెన్నో. ఇసుక వడకట్టిన నీళ్లు అద్దంలా ఉంటాయి. పట్టీ ముంచితే చక్కగా ఏడు చూపించినా ఆశ్చర్యం లేదు. అయినా ఆ నీళ్లు పసిబిడ్డకు విరేచనాలు తెప్పించొచ్చు. ఎగువన పశువులు దిగాయో, మనుషులే కూర్చున్నారో పీహెచ్ చెప్పదు. క్రిములకు ఏడంటే ఇష్టమే!

దానికి వేరే పరీక్ష ఉంది. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఓ చిన్నసీసా పరీక్షను లోకానికి అందించారు. మందున్న సీసాలో నీళ్లు నింపి వెచ్చగా ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసినట్టే లెక్క. నల్లబడితే మారు ఆలోచన వద్దు, కుతకుతా మరిగించి చల్లార్చాకే తాగాలి.

పట్నాల్లో ఇదే అమాయకత్వం మరో రూపంలో అమ్ముడుపోతోంది. ఇంటికొచ్చిన సేల్స్‌మన్ కుళాయి నీళ్లలో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెడతాడు. క్షణాల్లో నీళ్లు బురదగా మారతాయి. ‘చూశారామ్మా, మీ పిల్లలు తాగేది ఇదీ’ అంటాడు. ఆర్వో నీళ్లలో ముంచితే తేటగానే ఉంటాయి. ఆ బురద నీళ్లలోది కాదు, కరిగిన ఇనుపకడ్డీది! లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది, ఆర్వో నీళ్లలో పారదు. అంతే తేడా. ఇంకొకరు చుక్కల మందు వేసి, ‘మీ నీళ్లు ఆమ్లం, మా మిషను నీళ్లు క్షారం, రోగాలు రావు’ అంటారు. మన కడుపులోని ఆమ్లం పీహెచ్ ఒకటిన్నర నుంచి మూడున్నర మధ్య. ఏ క్షారజలమైనా ముందు అక్కడ పడాల్సిందే. రక్తాన్ని 7.35 నుంచి 7.45 మధ్య నిలిపే పనిని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రాత్రింబవళ్లు ఉచితంగా చేస్తున్నాయి. ఆ పనికి వేలు పోసి మిషను కొనక్కర్లేదు.

గోడ మీద ఓ అంకె

నాడి పట్టిన వైద్యుడు రోగం పేరు వెంటనే చెప్పడు. ఏదో తేడా ఉందని మాత్రం పసిగడతాడు. పీహెచ్ కూడా అంతే. ‘నీళ్లు మంచివి’ అని సర్టిఫికెట్ ఇవ్వదు. ‘నిన్నటి నీళ్లు కావివి’ అని మాత్రం ముందుగా చెబుతుంది. అందుకే ఒక్కసారి చూసి వదిలేస్తే లాభం లేదు. నెలకోసారి, వాన మొదలైనప్పుడు, వరద దిగాక, కొత్త గొట్టం వేశాక చూడాలి. తేదీతో సహా వంటింటి క్యాలెండర్ మీదే రాసుకోవాలి. ఎప్పుడూ 7.4 ఉండే బావి ఉన్నట్టుండి 6.3కో 8.6కో మారిందంటే, ఏదో జరిగిందని అర్థం. అప్పుడు మిగతా పరీక్షలన్నీ చేయించాలి.

చేసేవాళ్లు ఊళ్లోనే ఉండొచ్చు. 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళల చొప్పున నీటి పరీక్షల్లో శిక్షణ ఇచ్చి, కిట్లు అందించాలన్నది ఏర్పాటు. పీహెచ్‌తో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, కాఠిన్యం లాంటివి ఆ కిట్‌తో చూడొచ్చు. మీ పంచాయతీలో ఆ కిట్ ఎవరి దగ్గరుందో కార్యదర్శిని అడగండి. బీరువాలో ఉందంటే బయటికి తీయించండి. అనుమానం తేలకపోతే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు సీసా పంపించండి.

గోదావరి మళ్లీ వస్తుంది. రావడం దాని ధర్మం. కరకట్ట మీద అడుగులు కొలవడానికి మనుషులున్నారు, హెచ్చరికలున్నాయి. వరద దిగాక మన ఇంటి బావిలో ఏముందో కొలిచేది మాత్రం మనమే. ఈసారి చేద పైకి లాగాక ముక్కుతో వాసన చూడకండి. ముందు పట్టీ ముంచండి.